గోళ్ళరంగు గీత

"గోళ్ళకి వేసుకోవాల్సిన రంగు బోల్టులకి పూసే ఆడదాన్ని నా జన్మలో చూళ్ళేదమ్మా," అంది అత్తగారు షెడ్డు గుమ్మంలో నిలబడి, ఖాళీ టీ గ్లాసు ముందుకు చాపుతూ.

గ్లాసు చాపడమంటే ఇంకో టీ కావాలని. ఆ ఇంట్లో చాలా సంగతులు నోటితో కాక ఖాళీ గ్లాసులతోనూ, విడిచి పారేసిన చొక్కాలతోనూ, మూత తీసి వదిలేసిన డబ్బాలతోనూ చెప్పుకునేవాళ్ళు. చెప్పేవాళ్ళు ఇద్దరు, అర్థం చేసుకోవాల్సిన మనిషి ఒక్కతే.

"ఒక్క బోల్టు మిగిలిందత్తయ్యా, వస్తున్నా," అంది కోడలు తల ఎత్తకుండా.

"నీ బోల్టులకేం, అవి ఎక్కడికీ పోవు. నా మోకాళ్ళే పోయేటట్టున్నాయి," అని ఆవిడ గ్లాసుని పెట్రోలు డబ్బా మీద పెట్టేసి వెళ్ళింది. ఆవిడ చెవుల సంగతి చెప్పాలంటే, వంటింట్లో కూర్చుని వీధి చివర ఎవరింట్లో గిన్నె జారిందో, అందులో ఎంత కూర మిగిలి ఉందో కూడా చెప్పగలదు. ఒక్క కోడలు "నడుం పట్టేసిందత్తయ్యా" అన్నప్పుడు మాత్రం ఆ రెండు చెవుల్లోనూ దూది మొలిచేది.

ఆమె చివరి బోల్టు తల మీదనుంచి కింద లోహం మీదకి వెంట్రుకంత సన్నగా ఎర్ర గీత లాగి, నోటితో ఊది ఆరబెట్టింది. ఆ సీసా ఎప్పుడో పుట్టినరోజుకి పళ్ళాసుపత్రిలో తనతో పనిచేసే ఒకావిడ ఇచ్చింది. పగలంతా చేతులకి రబ్బరు తొడుగులు, సాయంత్రమంతా గిన్నెల సబ్బు, ఇంక గోళ్ళకి రంగెక్కడ నిలుస్తుంది? బోల్టుల మీద మాత్రం దివ్యంగా నిలిచింది. బోల్టు బిగించాక దాని మీదా, కింద రేకు మీదా కలిపి ఒకే గీత గీస్తే, తర్వాత ఆ రెండిట్లో ఏది ఇసుమంత కదిలినా గీత తెగుతుంది. మనిషి బిగించానని అబద్ధం చెప్పగలడు, గీత చెప్పలేదు. ఈ ఉపాయం ఆమెకి ఎవరూ నేర్పలేదు. అబద్ధాలు ఎక్కువగా వినే చోట ఇలాంటి ఉపాయాలు వాటంతటవే మొలుస్తాయి.

ఆ బండి సంగతి కాస్త చెప్పాలి. అది అసలు పుట్టింది మట్టిలో పొర్లడానికి. గుట్టలెక్కి, గోతులు దూకి, బురద చిమ్ముకుంటూ తిరిగే పొడుగుకాళ్ళ బండి. ఇప్పుడు దాన్ని దింపబోయేది సూపర్‌మోటో పందెంలోకి. ముప్పాతిక వంతు తారు, పాతిక వంతు మట్టి, మధ్యలో ఎగిరి దూకాల్సిన దిబ్బ. తారు మీద వంగి తిరగాలి, మట్టిలో జారకుండా నిలవాలి. అంటే బండికి రెండో పుట్టుక కావాలి. ముళ్ళ టైర్ల సన్న చక్రాలు విప్పి, అరచేయంత నున్నగా ఉండే లావు టైర్ల చిన్న చక్రాలు ఎక్కించింది ఆమె. బ్రేకు పట్టగానే కుంగి బండి ముక్కుని నేలకి ఆనించే ముందు ఫోర్కు కాళ్ళని గట్టిపరిచింది. వెనక పళ్ళచక్రం తీసి చిన్నది వేసింది. ఇంజను చల్లబరిచే రంగునీళ్ళు పారబోసి మామూలు నీళ్ళు నింపింది, ఎందుకంటే పడితే ఆ రంగునీళ్ళు తారు మీద జిగురులా పరుచుకుని వెనకొచ్చేవాడి ప్రాణం మీదకి తెస్తాయి. ఏది పొంగినా నేల మీద కారకుండా గొట్టాలన్నీ ఒక సీసాలోకి మళ్ళించింది. ఆ పైన బోల్టు బోల్టుకీ సన్నటి తీగ కట్టింది. బోల్టు వదులవ్వాలని చూస్తే ఆ తీగ వెనక్కి లాగి పట్టుకుంటుంది. అది చూడటానికి తేలికే. తీగ వంకీ ఏ వైపు తిరగాలో తప్పితే, బోల్టుని ఆపాల్సిన తీగే దాన్ని విప్పుతుంది.

తీగ కట్టడం ఆమెకి పగటి కొలువు. పళ్ళ డాక్టరు దగ్గర వంకర పళ్ళకి తీగలు కట్టేది ఆమే. డాక్టరుగారు వచ్చి నోట్లోకి ఒకసారి తొంగిచూసి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"కి ముందూ వెనకా ఉన్న పనంతా ఆమె వేళ్ళది. పోయేటప్పుడు పిల్లల తల్లులు డాక్టరుగారి వైపు తిరిగి, "మీ చెయ్యి ఎంత తేలికండీ, మావాడు కిక్కురుమనలేదు" అంటారు. డాక్టరుగారు సిగ్గుపడ్డట్టు నవ్వుతారు. ఆమె పక్కన ట్రేలు కడుగుతూ వింటుంది. సాయంత్రం ఇంటికొస్తే, షెడ్డు ముందు మొగుడి స్నేహితులు బండి చుట్టూ మూగి, "ఏం కట్టావురా, చెయ్యి కాదది, యంత్రం" అంటుంటారు. ఆమె టీ గ్లాసులు అందిస్తూ వింటుంది. రెండు చోట్లా ఒకే మాట, ఒకే నవ్వు. మారేది ట్రే ఒక్కటే.

మొగుణ్ణి అందరూ తుపాను అనేవాళ్ళు. పేరు ఎవరు పెట్టారంటే, అతనే పెట్టుకుని నలుగురి చేతా పిలిపించుకున్నాడు. ఒకసారి మలుపు ఎంత వేగంగా తిరిగాడంటే తన వెనక దీపం తనకే ఎదురొచ్చిందట. ఇంకోసారి దిబ్బ మీదనుంచి ఎగిరితే, కింద పడేలోపు ఆకలేసిందట. చెప్పేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగేంత నమ్మకంగా చెప్పేవాడు. విన్నవాళ్ళు పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఆమె కూడా మొదట్లో నవ్వింది, ఆ నవ్వుకే పెళ్ళయింది. తర్వాత్తర్వాత తెలిసింది, మనిషి కోతలు వేరేవాళ్ళ మీద కోస్తే నవ్వొస్తుందిగానీ, ఆమె చేసిన పనిని తనదిగా కోసుకుంటే నవ్వు రాదని.

ఇంత పనిలోనూ తుపాను స్వహస్తాలతో చేసిన వస్తువు ఒక్కటే ఉంది. ముందు చక్రానికి కంచమంత బ్రేకు పళ్ళెం వేశారు. ఆ పళ్ళేన్ని రెండు వైపులా నొక్కి పట్టే పిడికిలి లాంటి సామాను ఒకటుంటుంది. పళ్ళెం పెద్దదైంది కాబట్టి పిడికిలిని కాస్త బయటికి జరపాలి. జరపడానికి మధ్యలో బొటనవేలంత మందాన బ్రాకెట్టు ముక్క కావాలి. ముందు బ్రేకు బలమంతా ఆ ముక్క మీదే.

"కొట్లో తయారుగా దొరుకుతుందండీ, తెచ్చుకుందాం," అంది ఆమె.

"కొని తగిలించుకునేవాణ్ణి తుపాను అనరు, బేరగాడంటారు," అన్నాడు. కోసి, అరగదీసి, నల్లరంగేసి, ఆ ముక్కని జేబులో పెట్టుకుని పసిబిడ్డ ఫొటో చూపించినట్టు ఊరంతా చూపించాడు. ఒక సాయంత్రం షెడ్డులో ఏదో ఠంగుమని పడిన చప్పుడూ, తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేకపోవడమూ ఆమె వంటింట్లోంచి వింది. "ఏం పడిందండీ?" అంటే, "నీ తలకాయ" అన్నాడు. మర్నాడు ఆ ముక్క మీద నల్లరంగు ఇంకో పూత పడి తళతళలాడుతోంది.

కొత్త బ్రేకుల్ని అలవాటు చేయాలి. వేగం పెంచి గట్టిగా పట్టి, వదిలి, చల్లారనిచ్చి, మళ్ళీ పట్టాలి. ఆ పని ఎప్పుడూ ఆమెదే. తెల్లవారాక, జనం మసలకముందు, పాత గోదాముల వెనక రోడ్డు మీద, అతని హెల్మెట్టూ అతని తోలు కోటూ తొడుక్కుని. "నువ్వు తొక్కినట్టు ఎవడికీ తెలియక్కర్లేదు. ఆడది అరగదీసిన బండెక్కాడంటే నా పరువు ఏ కొక్కేనికి తగిలించుకోను?" అనేవాడు. అతని పరువు పోతే పోయిందిగానీ, ఆమెకి ఆ కాసేపే పండగ. హెల్మెట్ లోపల ఆమెని ఎవరూ పిలవలేరు. అత్తగారి గ్లాసు లేదు, డాక్టరుగారి "ఊఁ" లేదు. ఇంజను మోత తప్ప వేరే మాట వినపడని ఆ చిన్న గదిలో ఆమె ఒక్కతే కాపురముండేది.

పందెం ముందురోజు పొద్దున మాత్రం అతను తనంతట తాను లేచి, ఆమె వెంట గోదాముల దాకా వచ్చాడు. వింతే. రోడ్డు చివర చేతులు కట్టుకు నిలబడి, ఆమె పట్టిన ప్రతిసారీ కేకేశాడు.

"ఇంకా గట్టిగా పట్టు! అదేం పట్టడం, పిండి పిసికినట్టు! ముందుది పట్టు, ముందుదే!"

పట్టింది. చివరిసారి ఎంత గట్టిగా పట్టిందంటే వెనక చక్రం నేల వదిలింది, గుండె ఒక అంగుళం ముందుకెళ్ళి తిరిగొచ్చింది. అప్పుడే చేతి తొడుగులోంచి వేళ్ళకి తగిలింది, చిన్న 'టిక్'. చెవికి కాదు, వేలికి. గట్టి గింజ కొరికినప్పుడు పంట్లో ఎక్కడో అన్నట్టు.

బండి ఆపేసరికి అతను పరుగున వచ్చాడు. వచ్చి ముందు చక్రం దగ్గర చతికిలబడి, "ఏం కాలేదుగా?" అన్నాడు.

ఆమె హెల్మెట్ తీయబోయి ఆగిపోయింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె వినలేదు. జ్వరమొస్తే "మాత్ర వేసుకున్నావా, వంటెవరు చేస్తారు" అన్నాడు. వేడి నూనె చేతిమీద పడితే "చూసుకోవద్దూ" అన్నాడు. ఈరోజు పరుగెత్తుకొచ్చి, ఏం కాలేదుగా అన్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు, చక్రం వైపే చూస్తూ అన్నాడు. మగాడు, సిగ్గుపడ్డాడనుకుంది. "ఏం కాలేదండీ," అంది హెల్మెట్ లోపలినుంచే. గొంతు తనది కానట్టు మెత్తగా ఉంది.

ఆ మాటని ఆ రోజంతా బుగ్గలో బెల్లంముక్క దాచుకున్నట్టు దాచుకుంది. మాస్కు వెనక ఆమె నవ్వుతున్నట్టు ఎవరికీ తెలీలేదు. టిక్‌మన్న సంగతి మధ్యాహ్నానికి గానీ గుర్తురాలేదు. ఒక ముసలాయన పంటి మీద దీపం పెట్టి, "ఈ గీత చూశావా అమ్మాయ్, పైకి ఏమీ లేదు, లోపల చీలింది, ఇంకో గింజ కొరికితే రెండు ముక్కలు" అని డాక్టరుగారు అన్నప్పుడు, ఆ టిక్ మళ్ళీ ఆమె వేలికి తగిలింది.

ఇంటికి రాగానే, పుల్లకి తగిలించిన చిన్న గుండ్రటి పళ్ళ అద్దం పట్టుకుని షెడ్డులోకి దూరింది. పిడికిలి వెనక్కి అద్దం పెట్టి దీపం వేసింది. బ్రాకెట్టు బోల్టు మీద తను గీసిన ఎర్రగీత తెగి ఉంది. బోల్టు తిరిగితే తెగడం మామూలే. కానీ బోల్టుకి కట్టిన తీగ కట్టినట్టే ఉంది, బోల్టు ఇసుమంతైనా కదల్లేదు. బోల్టు కదలకుండా గీత తెగిందంటే, కదిలింది కింద ఉన్న ముక్క. నల్లరంగు కింద, బోల్టు రంధ్రం అంచునుంచి వెంట్రుక లాంటి గీటు ఒకటి బయటికి పాకుతోంది.

"ఏమండీ, మీ బ్రాకెట్టు చీలిందండీ," అంది, అతను తినడానికి కూర్చున్నాక.

"రంగు చిట్లి ఉంటుంది."

"రంగు చిట్లితే నా గీత ఎందుకు తెగుతుంది? లోపలే విడిపోతోందది. రేపు గట్టిగా పట్టారంటే, పిడికిలి ఊడి చక్రంలో పడుతుంది. చక్రం పట్టేస్తుంది. మీరు..."

"నోరు తెరిస్తే అశుభమేనా నీకు?" అంది అత్తగారు కంచంలోంచి తలెత్తి. "పందేనికి పోయేవాడి ముందు కూర్చుని పిడికిలి ఊడుద్ది, మెడ విరుగుద్ది అని. ఆడదానికి నోరు కొంచెం తక్కువుంటే ఇంట్లో సగం గొడవలుండవు."

"నీ పని తీగలు కట్టడం," అన్నాడు అతను. "నా ముక్క జోలికి రాకు."

చెయ్యి కడుక్కుని నేరుగా షెడ్డులోకి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది. అతను గుడ్డముక్కని పెట్రోల్లో ముంచి, బ్రాకెట్టు మీది ఎర్రగీతని శుభ్రంగా తుడిచేశాడు. తుడిచి, జేబులోంచి ఎర్ర కలం తీసి దాని చోట తన గీత గీశాడు. ఆ గీత ఎంత తిన్నగా, ఎంత ఆరోగ్యంగా ఉందంటే, లోకంలో ఇంతవరకు ఏ లోహమూ చీలలేదన్నట్టుంది.

"చూడు," అన్నాడు, "ఎక్కడ తెగింది?"

వంటింట్లోకొచ్చి ఆమె గిన్నెలు తోమడం మొదలెట్టింది. అలా తోముతుండగానే వచ్చిందా ఆలోచన. రావడం కూడా తలుపు కొట్టి రాలేదు, ఎప్పట్నుంచో ఆ మూల పీట వేసుక్కూర్చున్న చుట్టంలా, ఇప్పుడు గొంతు సవరించుకుంది. నువ్వేమీ చేయక్కర్లేదు, అంది. బోల్టు వదులు చేయక్కర్లేదు, తీగ కోయక్కర్లేదు. నిన్ను ఇన్నేళ్ళూ ఏం చేయమన్నారో అదే చెయ్యి. నోరు మూసుకో. ఆమెకి వరసగా గుర్తొచ్చాయి ఆ మాటలు. కొత్తగా వచ్చినప్పుడు అత్తగారు అన్నది, "మా ఇంట్లో ఆడవాళ్ళ గొంతు గుమ్మం దాటదు." స్నేహితుల ముందు ఇంజను చప్పుడు తేడాగా ఉందని చెప్పినప్పుడు అతను నవ్వుతూ అన్నది, "మా ఆవిడకి మిక్సీ చప్పుడు బాగా తెలుసు." డాక్టరుగారు అన్నది, "పేషెంట్ల ముందు నువ్వు మాట్లాడకమ్మా, కంగారుపడతారు." ఇన్ని చేతులు కలిసి ఆమె నోటికి ఎంత ఓపిగ్గా తీగ చుట్టాయో! ఎన్నేళ్ళ పని అది! ఇవాళ ఆ తీగ ఎంత గట్టిగా ఉందో వాళ్ళకే తెలియాలి. రేపు ఆమె ఊరుకుంటే చాలు, అంతే. ఎవరూ ఏమీ అనరు. బ్రాకెట్టు అతను చేసిందే, గీత అతను గీసిందే. అందరూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేస్తారు. అత్తగారి గ్లాసు ఒక్కటే మిగులుతుంది. ఆ ఆలోచన ఇంత నిమ్మళంగా, ఇంత శుభ్రంగా ఉండటం చూసి ఆమెకే భయమేసింది. చేతిలో గిన్నె ఎప్పుడో తెల్లబడిపోయినా తోముతూనే ఉంది.

అంతలో పొద్దుటి మాట గుర్తొచ్చింది. ఏం కాలేదుగా. పరుగెత్తుకొచ్చి అడిగిన మనిషి. గిన్నె బోర్లించేసింది. ఆ ఒక్క మాట బరువుకి తక్కెడ ఇటు వాలిందిగానీ, అటు తిరిగిన ముల్లు ఎంత దూరం పోయిందో ఆమెకి తెలుసు.

మర్నాడు పందెం మైదానం. టైర్లు కాలిన వాసన, మైకులో గరగర, ఎండలో వేడెక్కిన రేకులు. మొదటి మలుపుకి అక్కడి వాళ్ళు పెట్టుకున్న పేరు అత్తారిల్లు. ఉషారుగా దూసుకెళ్ళినవాళ్ళంతా ఏడుస్తూ బయటికొస్తారని. తిన్నటి రోడ్డు చివర, గోడకి ఎదురుగా ఉంటుంది. బండ్లన్నీ గరిష్ఠ వేగంలో వచ్చి ముందు బ్రేకు మీద నిలబడేది అక్కడే. పోయిన పందెంలో ఒకడి చక్రం పట్టేసి గోడకి తగిలాడు. వాడి బూటు ఒకటి ఇంకా ఆ కంచె మీదే ఉంది, తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. గాలికి అది అప్పుడప్పుడు కంచెని తన్నుతోంది.

తుపాను స్నేహితులు అప్పటికే చేరారు. అత్తగారు మడత కుర్చీలో, ఫ్లాస్కూ గ్లాసూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండ్లు ఒక్కొక్కటే తనిఖీ బల్ల దగ్గరికి వెళ్తున్నాయి. తనిఖీ చేసేది ఒక పెద్దాయన, చొక్కా జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది కాబట్టి అందరూ భూతద్దం అంటారు. ఆయన దగ్గర ఒక పద్ధతుంది. బండి రాగానే సీటు మీద చెయ్యి వేసి, "ఎవరి చెయ్యి?" అని అడుగుతాడు. బండి కట్టిన మనిషి ముందుకొచ్చి తన చెయ్యి కూడా సీటు మీద పెట్టి, "నా చెయ్యి" అనాలి. అప్పుడు రెండో ప్రశ్న, "ఎక్కడైనా అనుమానముందా?" ఉందంటే తప్పు కాదు, అక్కడ చూస్తారు. లేదంటే పైపైన తడిమి పంపేస్తారు. ఆ ప్రశ్న కట్టిన మనిషికి తప్ప ఇంకెవరికీ కాదు. మిగతావాళ్ళు నోరెత్తకూడదు.

తుపాను బండి బల్ల ముందుకొచ్చింది.

"ఎవరి చెయ్యి?"

"నా చెయ్యే. ఇంకెవరిదుంటుంది పెద్దాయనా?" అన్నాడు అతను సీటు మీద దరువేస్తూ. స్నేహితులు ఈలలేశారు.

"ఎక్కడైనా అనుమానముందా?"

"నా పనికా? పెద్దాయనా, అనుమానం నా బండి చూస్తే దానికే అనుమానమొస్తుంది."

అందరూ నవ్వారు. భూతద్దం కూడా నవ్వి, పచ్చ సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు. అది బండి మీద గీస్తే ఇంక పందెంలోకే. కంచె మీద బూటు ఒకసారి ఠక్కుమంది. మూలన పీట వేసుక్కూర్చున్న చుట్టం చెవిలో ఇంకోసారి అంది, ఊరుకో.

ఆమె ముందుకొచ్చి సీటు మీద చెయ్యి పెట్టింది.

"నా చెయ్యి," అంది.

గొంతు అంత గట్టిగా రాలేదు. అయినా దగ్గరివాళ్ళు నవ్వు మధ్యలో ఆపేశారు.

"ఏమే, నీకేమైనా..." అన్నాడు అతను పళ్ళ మధ్యనుంచి.

"ఊరుకోవే! నలుగుర్లో ఏంటిది?" అంది అత్తగారు కుర్చీలోంచి.

భూతద్దం ఆమె చెయ్యి చూశాడు. గోళ్ళ సందుల్లో నల్ల గ్రీజు, వేళ్ళ చివర తీగ గీరిన సన్నటి కోతలు. తర్వాత తుపాను చెయ్యి చూశాడు. సుద్దముక్క పక్కన పెట్టేశాడు.

"ఎక్కడైనా అనుమానముందా అమ్మాయ్?"

"ఉందండీ. ముందు బ్రేకు బ్రాకెట్టు. బోల్టు కదలకుండా గీత తెగింది."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం పెట్టాడు. ఆమె జేబులోంచి పళ్ళ అద్దం తీసి ఇచ్చింది. చాలాసేపు చూశాడు. చూసి, జేబుకున్న పిన్నీసు తీసి నల్లరంగు మీద మెల్లగా గీకాడు. రంగు కిందనుంచి బూడిదరంగు పొడి రాలి ఆయన అరచేతిలో పడింది.

"ఇది లోహం కాదే," అన్నాడు. "లప్పం. పగులుని లప్పంతో పూడ్చి, పైన రంగేశారు."

పంటిలో రంధ్రం పూడ్చడం ఆమె రోజూ చూసే పని. ఆ పొడి వైపు చూస్తుంటే ఆమెకి అన్నిటికంటే ముందు తట్టింది ఒక్కటే. రంధ్రం చూడకుండా ఎవరూ పూడ్చరు. ఠంగుమని ఏదో పడిన సాయంత్రమూ, మర్నాటి కొత్తరంగూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"తెలిసే ఎక్కించావా దీన్ని?" అన్నాడు భూతద్దం, అతని వైపు తిరిగి.

ఈలలేసినవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. తుపాను అటూ ఇటూ చూశాడు. జనం ముందు మాట పడటం ఆ మనిషికి ప్రాణం పోవడం కంటే కష్టం. నోటికేదొస్తే అది అనేశాడు.

"చిన్న గీటు పెద్దాయనా అది! ఊరికే నమ్మి ఎక్కేస్తానా, నాకు మాత్రం ప్రాణం తీపి కాదూ? ముందు నా పెళ్ళాన్ని ఎక్కించి చూశాగా. నిన్న పొద్దున్నే గోదాముల దగ్గర ఎగిరి పడేంత గట్టిగా పట్టించాగా. ఏం కాలేదుగా?"

అదే మాట. అదే గొంతు. చక్రం వైపు చూస్తూ అన్న మాటే.

మైకులో ఎవరో ఏదో చదువుతున్నారు. ఆమెకి బుగ్గలో దాచుకున్నది ఏమిటో ఇప్పుడు రుచి తెలిసింది. నిన్నంతా మాస్కు వెనక నవ్వుకున్నది దీనికి. రాత్రి గిన్నెలు తోముతూ తక్కెడలో ఇటువైపు వేసుకున్నది దీన్ని. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. చేతులు మాత్రం, డాక్టరుగారి కుర్చీ పక్కన నిలబడినప్పటిలా, నిలకడగా, తేలిగ్గా అయిపోయాయి.

"నీకు తెలిస్తే మాకు ముందే చెప్పొద్దూ!" అంది అత్తగారు ఆమెతో. కొడుకుతో కాదు. చెప్తూనే, అలవాటు కొద్దీ, ఖాళీ గ్లాసు ముందుకు చాపింది.

ఆమె జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి బండి పక్కన కూర్చుంది. ముందు ఇరుసు దగ్గరి తీగ కోసింది. టింగుమంది. తర్వాత ఇంజను కింద నూనె బోల్టుది. తర్వాత పళ్ళచక్రానివి. కోసిన ముక్క కోసినట్టు లాగి, అత్తగారు చాపిన గ్లాసులో వేసింది. నేల మీద ఒక్క ముక్క ఉన్నా ఇంకెవరి టైర్లోనో దిగుతుంది, ఇంకెవరి ప్రాణానికో వస్తుంది. అందుకని జారి పడిన వాటిని కూడా వెతికి ఏరింది. అత్తగారు గ్లాసు వెనక్కి తీసుకోవడం మర్చిపోయి అలాగే పట్టుకుంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు అతను. అరవలేదు. నలుగురున్నారు కాబట్టి మెల్లగా, ప్రతి అక్షరమూ విడివిడిగా అన్నాడు. ఆ మెల్లదనం ఆమెకి కొత్త కాదు. "ఇంటికి పద, చెప్తా నీ సంగతి."

ఆమె తీగ తర్వాత తీగ కోస్తూనే ఉంది. గోళ్ళరంగు గీతల్ని కూడా పెట్రోలు గుడ్డతో ఒక్కొక్కటే తుడిచింది. ఎండ పడుతున్న చోట భూతద్దం పెద్దాయన ఒక అడుగు జరిగి, ఆమెకి నీడ వచ్చేలా నిలబడ్డాడు. అన్నీ అయ్యాక లేచి, ప్లేయరూ, పళ్ళ అద్దమూ, ఎర్ర గోళ్ళరంగు సీసానూ తన సంచిలో వేసుకుంది.

"నా పని నేను తీసుకెళ్తున్నానండీ," అంది.

ఇంటి దారి ఎడమవైపు. ఆమె గేటు దాటి కుడివైపు తిరిగింది. వెనకనుంచి మొగుడు పిలుస్తున్నాడు, అత్తగారు పిలుస్తోంది, మైకు కూడా తుపాను బండి ఎక్కడుందని పిలుస్తోంది. ఆమె తలకి హెల్మెట్ లేదు. అయినా ఒక్క పిలుపూ వినిపించలేదు.